ఎండీగారి మోకాలూ, సన్యాసిరావు కంప్యూటరూ

మా సంస్థ పేరు రాష్ట్ర ఎత్తిపోతల పంపుల నిర్వహణ సంస్థ. ఏటి నీళ్లని మెట్ట పొలాలకి ఎక్కించడం మా పని. నీళ్లు ఎక్కకపోతే ఎందుకెక్కలేదో రైతులకి ఫోన్లో చెప్పడం కూడా మా పనే. నిజం చెప్పాలంటే మొదటి పనికన్నా రెండోదే ఎక్కువ చేస్తుంటాం. సాలూరు ఆఫీసులో నేను సూపరింటెండెంటుని. జోగారావంటారు. ఇక్కడ చెప్పబోయేదంతా నా కళ్లెదుట జరిగింది. మీరు నమ్మకపోయినా నాకేం బాధలేదు. నమ్మకం అనే మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మంట.

ఒక్క మొదలు మాత్రం హెడ్డాఫీసులో జరిగింది, అది విన్నదే. కార్యదర్శిగారు సమీక్షా సమావేశం పెట్టారు. మా చీఫ్ ఇంజినీరుగారు ఇంటి నుంచి తెచ్చిన పెన్ డ్రైవు కంప్యూటర్లో గుచ్చారు. తెర మీద పంపుల లెక్కలు రావాల్సిన చోట ఆయన బావమరిది గృహప్రవేశం వచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. ఆవు లోపలికి రావడం, పాలు పొంగడం, భోజనాలు, అన్నీ వచ్చాయి. కార్యదర్శిగారు చివరిదాకా చూసి, వంటవాడి ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. ఆ పెన్ డ్రైవులోంచి వైరస్ ఒకటి దిగి హెడ్డాఫీసు కంప్యూటర్లన్నిట్లోనూ ఆవే కనిపించడం మొదలెట్టింది. అప్పుడు కమిటీ వేశారు. కమిటీ పెన్ డ్రైవుల గురించి ఒక్క ముక్కా మాట్లాడకుండా కంప్యూటర్ల మీద పడింది.

వచ్చిన ఉత్తర్వు ఇది: "ఇకమీదట సంస్థ పరిధిలోని ప్రతి యంత్రమూ తాను మేలుకొనుటకు ముందు, తన సమస్త అవయవములు సంస్థచే ధ్రువీకరింపబడినవే అని తనను తాను పరీక్షించుకొని, సంతృప్తి చెందిన పిదప మాత్రమే మేలుకొనవలెను. సంతృప్తి చెందని యంత్రము నిద్రావస్థయందే కొనసాగవలెను."

చదివి, మా ఆఫీసులో మనుషులు చాలామంది దీన్ని ఎప్పట్నించో పాటిస్తూనే ఉన్నారు కదా అనుకున్నాను.

ఉత్తర్వు వెనకాలే చిదానందంగారు వచ్చారు. ఆయన హోదా ప్రాంతీయ యంత్ర విశ్వసనీయతాధికారి. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ నలగని మనిషి. మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి విశ్వాస శృంఖల అంటే ఏమిటో చెప్పారు. కీబోర్డుని కంప్యూటరు నమ్ముతుంది. కంప్యూటర్ని సాలూరు సర్వరు నమ్ముతుంది. సాలూరు సర్వర్ని హెడ్డాఫీసు సర్వరు నమ్ముతుంది. దాన్ని ఎండీగారు నమ్ముతారు. అన్నిటికీ పైన ఎండీగారు. ఆయన పేరు ఆ పథకంలో విశ్వాస మూలం.

"మరి ఎండీగారిని ఎవరు నమ్ముతారండి?" అని మా క్యాషియర్ పద్మనాభం అడిగాడు. వాడికి వేళాకోళం ఎక్కువ.

"మూలమును ప్రశ్నించరాదు," అన్నారు చిదానందంగారు.

ఆయన చెప్పిందంతా విని అందరూ టీకి లేచారు. ఒక్క సన్యాసిరావు మాత్రం లేవలేదు. తన కంప్యూటర్ మీద చెయ్యి వేసి, చంటిదాని నుదురు చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. "ఏటి జోగారావుబాబూ, దీన్ని కూడా నిద్దరపుచ్చుతారేటి?" అన్నాడు.

సన్యాసిరావు సంగతి చెప్పాలి. పుట్టుకతో చూపు లేదు. మనిషి గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. వికలాంగుల కోటాలో ఉద్యోగం ఇచ్చారు గానీ పని ఇవ్వలేదు. వరండాలో ఒక స్టూలు వేసి, దాని మీద కూర్చోబెట్టి నెలనెలా జీతం ఇచ్చేవారు. అదో పెద్ద ఉపకారం చేసినట్టు మాట్లాడేవాళ్లం కూడా, నేనూ అందులో ఉన్నాను. "కాఫీ తాగినావా అని తప్ప నన్నెవడూ ఏటీ అడగలేదు బాబూ" అని ఆ రోజుల గురించి చెబుతుంటాడు. నవ్వుతూనే చెబుతాడు. వినేవాడికే నవ్వు రాదు.

ఆయన్ని స్టూలు మీద నుంచి లేపింది హైమావతి మేడం. పాలిటెక్నిక్కులో లెక్చరరు. మూలపడేసిన ఓ పాత కంప్యూటరు తీసి, పనికొచ్చే సౌండు కార్డు ఎక్కణ్ణించో తెచ్చి బిగించి, అందులో లినక్సు ఎక్కించింది. లినక్సంటే కంప్యూటర్ని నడిపించే వ్యవస్థ. ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు. పైగా ఊరికే వస్తుంది. ఇన్ని మంచి గుణాలున్న వస్తువుని ఆఫీసులో ఎవడు నమ్ముతాడు చెప్పండి?

ఆ కంప్యూటరు తెర మీదున్న తెలుగుని పైకి చదివి వినిపిస్తుంది. మొదట్లో మా ఊళ్ల పేర్లు పలకడం దానికి వచ్చేది కాదు. పాచిపెంట అనమంటే ముక్కుతో మూలిగేది. విప్పి చూసుకోవచ్చు కదా, అందుకని మేడం ఆ చదివే భాగంలోకి దూరి ఒక్కొక్క ఊరి పేరూ సరిచేసింది. ఇప్పుడది అచ్చం మక్కువ సంతలో మనిషిలా మాట్లాడుతుంది. సన్యాసిరావు ఫోన్ల దగ్గర కూర్చున్నాడు. ఏ ఊళ్లో ఏ పంపు ఆగింది, మెకానిక్కు ఎక్కడున్నాడు, కరెంటు ఎప్పుడొస్తుంది, అంతా కంప్యూటరు చెవిలో చెబుతుంటే ఆయన ఫోన్లో రైతుకి చెప్పేవాడు. మధ్యలో రైతుని తిట్టేవాడు కూడా. రైతులకి ఆ తిట్లు ఇష్టం. మేం ఎవరైనా ఫోనెత్తితే, "మీరొద్దండి, సన్యాసిరావుగోరికి ఇవ్వండి" అనేవాళ్లు.

ఇప్పుడొచ్చిన ధ్రువీకృత వ్యవస్థలో తెలుగు చదివే గొంతు లేదు. ఎప్పుడొస్తుందని అడిగాను. "దశలవారీగా" అన్నారు చిదానందంగారు. దశలవారీగా అన్న మాటకి అర్థం ముప్పై ఏళ్ల సర్వీసున్న నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సన్యాసిరావుకీ చెప్పక్కర్లేదు. ఆ కంప్యూటరు పోతే ఆయన మళ్లీ వరండాలోకే.

ఆదివారం మా సంఘం సమావేశమైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంఘం, సాలూరు శాఖ. వేరే శాఖలేవీ లేవు. మా ఊరు లారీల ఊరు కాబట్టి, లారీ బాడీలు కట్టే బంగారునాయుడు షెడ్డులో కలుస్తుంటాం. నాయుడు కూడా సభ్యుడే. హైమావతి మేడం, సన్యాసిరావు, నేను, అంతే సంఘం. నలుగురం నాలుగు రకాల లినక్సులు వాడతాం, ఒకరిది ఒకరికి పడదు. మేడం తన కంప్యూటరు కెమెరా మీద పుండుకి వేసే ప్లాస్టరు వేసింది. నాయుడు తన రహస్య సంకేతపదం ఎంత పొడుగ్గా పెట్టుకున్నాడంటే, అది కొట్టడం అయ్యేసరికి ఏ పని కోసం కూర్చున్నాడో మరిచిపోతాడు. ఇలాంటి వాళ్లం ఇంకొకళ్ల పిచ్చిని చూసి నవ్వడానికి బయల్దేరాం.

"తాళం వేయడం తప్పని నేననను," అంది మేడం. "దొంగ ప్రోగ్రాములు దూరకుండా కంప్యూటరు తనని తాను చూసుకోవడం మంచిదే. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే ప్రశ్న. కంప్యూటరు ఎవరిదో వాళ్ల దగ్గరుంటే అది తాళం. ఇంకొకళ్ల దగ్గరుంటే అది చెర."

నాయుడికి ఈ మాట బాగా ఎక్కింది. "కింది సట్రం, సేసిస్సు, కంపెనీదండి. బాడీ నాను కడతాను. బండి ఓనరుది. రేపు కంపెనీవోడొచ్చి బానెట్టు ఎవులూ ఎత్తకూడదంటే ఏటవుద్ది? ఘాట్ మీద బండాగిపోతే డ్రైవరు కంపెనీకి ఫోన్ సేసి, ఫోన్లో పాట ఇనుకుంటా కూకోవాలా?"

"ఇవన్నీ నాకెందుకండి," అన్నాడు సన్యాసిరావు. "నా కంప్యూటరుంటదా నేదా, అది సెప్పండి."

నాకు సిగ్గేసింది. సిద్ధాంతం మాట్లాడుకుంటుంటే మాకు హాయిగా ఉంది, ఆయనకేమో ప్రాణం మీదికొచ్చింది.

ఉత్తర్వులోనే ఒక దారి ఉందని మేడం కనిపెట్టింది. సంస్థ గుర్తించిన ముద్ర ఉన్న ఏ వ్యవస్థనైనా కంప్యూటరు ఒప్పుకుంటుంది. మన లినక్సుకి మన తాళంచెవితో మన ముద్ర వేసి, దాన్ని గుర్తించమని సంస్థని అడుగుదాం అంది. సరే అని అర్జీ రాయడానికి కూర్చున్నాం. ఏ లినక్సులో రాయాలన్న దాని మీద మధ్యాహ్నం దాకా కొట్టుకున్నాం. చివరికి సన్యాసిరావు నోటితో చెబితే నేను చేత్తో రాశాను.

అర్జీ పట్టుకుని మేడం, నేను చిదానందంగారి దగ్గరికి వెళ్లాం. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మా, తాళంచెవి యంత్రము యొక్క యజమాని చేతిలో ఉన్నచో, యజమాని తలుపు తీయగలడు."

"అవునండి."

"అదియే ప్రమాదము."

"తన తలుపు తను తీసుకోవడం ప్రమాదమేమిటండి?"

"ఈనాడు తన తలుపు. రేపు?"

రేపు ఏమిటో ఆయన చెప్పలేదు. మేడం నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. అర్జీ మీద ఎర్ర సిరాతో రాసిచ్చారు: "యజమానికి తెలిసిన రహస్యము రహస్యము కాజాలదు. తిరస్కరించడమైనది."

బయటికొచ్చాక మేడం మెట్ల మీద నుంచునే తిట్టిన తిట్లు ఒక లెక్చరరు నోట వస్తాయని నేననుకోలేదు.

ఆ తర్వాత శృంఖల పెరగడం మొదలైంది. యంత్రం భాగాలు నమ్మదగినవే, మరి దాని ముందు కూర్చున్నవాడో? కూర్చున్నవాడు కూడా యంత్రంలో ఒక భాగమే కదా అని హెడ్డాఫీసుకి తట్టింది. వినియోగదారుడనే అవయవం అని పేరు పెట్టారు. మా అందరి ముఖాలూ కెమెరాతో తీసి లోపల పెట్టారు. ముఖంలో మార్పు లేకపోతేనే కంప్యూటరు మేలుకుంటుంది.

సరిగ్గా అప్పుడే పద్మనాభం తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చాడు. కూర్చున్నాడు. కంప్యూటరు లేవలేదు.

చిదానందంగారు వచ్చి ఆ గుండు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఉపరితలమునందు అనధికార మార్పు జరిగినది," అన్నారు.

"మొక్కండి," అన్నాడు పద్మనాభం. వేళాకోళం పోయింది వాడికి. "మా ఆవిడ మొక్కింది."

"ముందస్తు అనుమతి?"

"దేవుడికిచ్చానండి, అనుమతేమిటండి?"

"దేవుడు మన శృంఖలయందు లేడు."

పద్మనాభం కంప్యూటరు లేవకపోతే జీతాల బిల్లు కదలదు. జుట్టు పూర్వస్థితికి వచ్చేదాకా ఆగమన్నారు. ఆఫీసంతా వాడి తల వైపే చూసేది. అకౌంట్సు విభాగంలో ఆడవాళ్లు ఇళ్ల నుంచి కొబ్బరినూనె, గుంటగలగరాకు నూనె తెచ్చిచ్చారు. పొద్దున్నే రాగానే ముందు వాడి తల నిమిరి, ఆ తర్వాత హాజరుపట్టీలో సంతకం పెట్టేవాళ్లం. హెడ్డాఫీసు కూడా ఊరుకోలేదు. శిరోజ, శ్మశ్రు మార్పుల ముందస్తు అనుమతి నిబంధనలు అని జుట్టుకీ గడ్డానికీ కొత్తవి పంపింది. గోళ్ల గురించి కమిటీ ఇంకా ఆలోచిస్తోందట.

గుండు వ్యవహారంలో పడి సన్యాసిరావుని మరిచిపోయారేమో అని నేను లోలోపల సంతోషపడుతున్నాను. మరిచిపోలేదు. ఒకరోజు కెమెరా తెచ్చి ఆయన ముందు పెట్టారు. అందులోంచి ఆడగొంతు, "సూటిగా చూసి, కనురెప్ప ఆర్పి, బొమ్మను కళ్లతో అనుసరించుము" అంది.

"ఏ బొమ్మండి? ఎటుంది?" అన్నాడు సన్యాసిరావు.

"సజీవ వినియోగదారుడు లభించలేదు," అంది కెమెరా.

ఫొటో పట్టుకొచ్చి మోసం చేయకుండా, ముందున్నది బతికున్న మనిషేనా అని చూసే పరీక్ష అది. ఇంకోసారి చేశారు. ఇంకోసారీ లభించలేదు. చిదానందంగారు కాగితం తీసి రాసుకున్నారు.

"అయ్యా, ఏటి రాస్తన్నారు? నాను బతికే ఉన్నాను గదా, మీతో మాటాడతన్నాను గదా?"

"మాట ముందుగా రికార్డు చేయబడినది కూడా కావచ్చును."

"సెయ్యట్టుకు సూడండి బాబూ, నాడి కొట్టుకుంతంది!"

"నాడి పరీక్ష ఆరోగ్య శాఖ పరిధిలోనిది," అని ఆయన రాయడం పూర్తిచేశారు.

ఆ కాగితం నేను చదివాను. అవిశ్వసనీయ యంత్రము వద్ద సజీవ వినియోగదారుడు లేనందున సదరు పోస్టు రద్దుచేయవలెననీ, యంత్రమును ధ్వంసము చేయవలెననీ, ఎండీగారు స్వయంగా వచ్చి సాలూరును రాష్ట్రంలో తొలి సంపూర్ణ విశ్వాస కార్యాలయంగా ప్రారంభించే రోజున ఈ ఫైలు మీద సంతకం చేస్తారనీ ఉంది. సన్యాసిరావుకి ఏం చెప్పను? బతికున్న మనిషిని పట్టుకుని నువ్వు లేవని రాశారు, నాకేం చేతకాలేదని చెప్పనా? చెప్పాల్సొచ్చింది. చెప్పాను.

"జీతం పోయినా పరవానేదు బాబూ," అన్నాడు సన్యాసిరావు. "మా తమ్ముడి కొట్లో కూకుంటాను. గానీ ఈ ఫోన్లు ఎవులు ఎత్తుతారు? మీరెత్తుతారేటి? మీకు పాచిపెంటకీ పెదబాడంగికీ తేడా తెలదు." నాకు నిజంగానే తెలీదు.

అప్పటిదాకా ఆ కంప్యూటర్ని ఎందుకు ఆపలేదంటారా? ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. నమ్మదగని యంత్రాన్ని ముట్టుకున్న వేలు నమ్మదగనిదవుతుంది, ఆ వేలితో ముట్టుకున్న కీబోర్డు, ఆ తర్వాత సర్వరు, అలా మూలం దాకా అంటుకుంటుందని నిబంధన. మా అమ్మమ్మ మడి కట్టుకున్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. చిదానందంగారు ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, గోడవారగా వెళ్లేవారు. అందుకని ఎండీగారి సంతకం అయ్యేదాకా ఆ కంప్యూటరు నడుస్తూనే ఉండాలి, సన్యాసిరావు ఫోన్లు ఎత్తుతూనే ఉండాలి.

ఎండీగారు వచ్చే రోజు వచ్చింది. షామియానా, మామిడాకులు, పూలదండలు, అన్నీ సిద్ధం. గుమ్మానికి తలుపు తీసేసి కొత్త ద్వారం బిగించారు. అందులోంచి నడిచినవాణ్ణి తల నుంచి కాలి దాకా అది చూస్తుంది. ఎండీగారే మొదట నడవాలి. ఆయన నడిస్తే విశ్వాసం ఆయన నుంచి కిందికి ప్రవహించి రాష్ట్రంలోని యంత్రాలన్నీ ఒక్కసారి పునీతమవుతాయని చిదానందంగారు ముందురోజే వివరించారు. పంపుల మోటార్లు నడిపే పెట్టెలు కూడా ఆ వారమే శృంఖలలో కలిపారట.

ఎండీగారు కారు దిగారు. మంచి మనిషే, కొంచెం భారీ మనిషి. కర్ర పట్టుకుని మెల్లిగా నడుస్తున్నారు. రిబ్బను కోశారు. ద్వారంలో అడుగు పెట్టారు. ఎర్రలైటు వెలిగింది.

"శరీరమునందు అనధికార అవయవము గుర్తించబడినది," అంది ద్వారం.

అందరం చిదానందంగారి వైపు చూశాం. ఆయన వంగి యంత్రంలో చూశారు. "కుడి మోకాలు సార్," అన్నారు.

"అవునయ్యా, ఆపరేషనయింది. కీలు మార్చారు," అన్నారు ఎండీగారు.

"టెండరు ద్వారానా సార్?"

"నా మోకాలికి టెండరేమిటయ్యా!"

"భాగము మార్చబడిన యంత్రము విశ్వసనీయము కాదని తమరి సంతకముతోనే ఉత్తర్వు ఉన్నది సార్."

"అయితే మినహాయింపు ఇవ్వు!"

"మినహాయింపు ఇవ్వగల అధికారము రాష్ట్రములో ఒక్కరికే ఉన్నది సార్. తమరికి." చిదానందంగారి గొంతులో వణుకు లేదు, ఎగతాళి లేదు. ఆ మనిషి నిజంగానే నమ్ముతున్నాడు, నాకు భయమేసింది. "తమరు తమరేనని లోపలి యంత్రము అంగీకరించిన పిదప."

ఎండీగారు ద్వారం ఇవతల నుంచున్నారు. లోపలి యంత్రం ద్వారం అవతల ఉంది.

ఇంతలో లోపల మా హాల్లో కంప్యూటర్లు ఒక్కొక్కటీ ఆరిపోవడం మొదలెట్టాయి. విశ్వాస మూలం నమ్మదగనిదని తేలిపోయింది కదా, మూలం నమ్మిన హెడ్డాఫీసు సర్వరు పడుకుంది. అది నమ్మిన సాలూరు సర్వరు పడుకుంది. అది నమ్మిన మా కంప్యూటర్లు పడుకున్నాయి. పార్వతీపురంలో, బొబ్బిలిలో, గోదావరి అవతల కూడా అదే కథని తర్వాత తెలిసింది. పంపులు ఆగిపోయాయి. వరినాట్ల మీద ఎండ కాస్తోంది. రైతులు ఊరుకుంటారా, ఫోన్ల మీద ఫోన్లు.

రాష్ట్రం మొత్తం మీద ఆ ఫోన్లు ఎత్తుతున్నది ఒకే ఒక మనిషి. ఎవరూ నమ్మని కంప్యూటరు ముందు, సజీవుడు కాని సన్యాసిరావు. "ఒక్కొక్కలే మాటాడండర్రా! అన్నీ ఆగిపోనాయి. మీదొక్కటే కాదు! ఇంజనీరు రాగానే నానే సెప్తాను, ఫోను కిందెట్టు!" అని అరుస్తున్నాడు. ఆ అరుపు షామియానా దాకా వినిపిస్తోంది.

ఎండీగారు ఎండలో నుంచుని హెడ్డాఫీసుకి ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. డ్రైవరు ఎవరో రైతుని అడిగి ఫిర్యాదుల నంబరు ఇస్తే దానికి చేశారు.

"నమస్కారమండి, ఎత్తిపోతల ఫిర్యాదుల విభాగం. ఊరు, పంపు నంబరు సెప్పండి."

"నేను ఎండీని!"

"ఊరు సెప్పండి బాబూ."

"సాలూరయ్యా! మీ గుమ్మం ముందే నుంచున్నా. లోపలికి రానివ్వడం లేదు!"

"ఏదైనా భాగం కొత్తగా మార్పించారా?"

ఎండీగారు చిదానందంగారి వైపు ఒకసారి చూసి, "మోకాలు" అన్నారు.

"కుడా, ఎడమా?"

"కుడి."

"రాసుకున్నానండి. మనిషిని పంపుతాను. అందాకా ఎండలో నిలబడకండి, కొత్త మోకాలు గదా, కుర్సీ తెమ్మని కూకోండి."

ఆ రోజంతా ఎండీగారితో మనుషులు మాట్లాడినట్టు మాట్లాడింది సన్యాసిరావొక్కడే అని నాకు అనిపించింది. నేనే కుర్చీ పట్టుకొచ్చాను. సన్యాసిరావు బంగారునాయుడికి కబురు పెట్టాడు. నాయుడు షెడ్డు నుంచి స్పానరు తెచ్చి, ద్వారాన్ని ఓసారి అటూ ఇటూ చూసి, "ఇప్పొచ్చేటండీ?" అని మర్యాదగా అడిగాడు. చిదానందంగారు వద్దన్నారు. ఎండీగారు విప్పెయ్యమన్నారు. లారీ బాడీలు విప్పే చేతికి ఆ ద్వారం ఒక లెక్కా?

లోపలికొచ్చాక ఎండీగారు కాగితం, పెన్ను అడిగి తీసుకుని, శృంఖల తక్షణం నిలిపివేయమని రాసి సంతకం పెట్టారు. "కాగితము ధ్రువీకృతము కాదు సార్" అని చిదానందంగారు మొదలెట్టారు. ఎండీగారు ఆ మాటకి ఏమన్నారో ఇక్కడ రాయను, ఈ కథ ఇళ్లలో ఆడపిల్లలు కూడా చదువుతారు. సాయంత్రానికి పంపులు నడిచాయి.

ఇహ సన్యాసిరావు ఉద్యోగానికి ఢోకా లేదని మేం షెడ్డులో పకోడీలు తిన్నాం. మా అంత అమాయకులు ఉండరు. నెల తిరక్కుండా కమిటీ నివేదిక వచ్చింది. ఆ రోజు శృంఖల ఏ మాత్రం లోపం లేకుండా పనిచేసిందట. మూలం చెడగానే ప్రతి యంత్రమూ నిబంధన ప్రకారం నిద్రించి తన విధేయత చాటుకుందట. క్రమశిక్షణ తప్పినది రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్క యంత్రమట. దాని మీద విచారణకి ఆదేశించి, సన్యాసిరావు పేర అభియోగ పత్రం పంపారు.

ఆ కవరు నా చేతికే వచ్చింది. ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ఎలా చెప్పాలో తెలీక, మేడం చేత కంప్యూటర్లోకి ఎక్కించి ఆయనకే వదిలేశాను. ఆ మక్కువ సంత గొంతు చదవడం మొదలెట్టింది.

"సాలూరు కార్యాలయ ఉద్యోగి శ్రీ బెవర సన్యాసిరావు గారికి. సంస్థలోని సమస్త యంత్రములు నిద్రావస్థలో ఉండగా, తమరు ఎవరి అనుమతియూ లేక రోజంతయూ పనిచేసినట్లు రుజువైనది. దీనిపై తమరి సంజాయిషీ కోరడమైనది. విచారణ ముగియువరకు తమరిని ప్రస్తుత స్థానము నుండి కదిలించరాదు. సదరు యంత్రమును సాక్ష్యముగా, నడుచుచున్న స్థితిలోనే భద్రపరచవలెను."

మేడం నవ్వడం మొదలెట్టింది. నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. మా సంస్థలో లేనివాడికి అభియోగ పత్రం ఇవ్వరు. పోస్టు రద్దు ఫైలు ఇంక కదలదు. విచారణ ముగిసేదాకా కంప్యూటర్ని ఎవరూ ఆపలేరు. మా సంస్థలో విచారణ ముగియడం నా సర్వీసులో నేను చూడలేదు.

"అయినా ఎందుకొచ్చిన తలనొప్పి సన్యాసిరావూ," అన్నాను, సూపరింటెండెంటు బుద్ధి ఎక్కడికి పోతుంది. "నేను మంచి సంజాయిషీ రాసిస్తాను. ఈ మచ్చ లేకుండా కొట్టేయించుకుందాం."

ఆయన గభాల్న నా చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దు బాబూ! ఒగ్గేయండి, మీకు దండం పెడతాను. ఇన్నేళ్ల సర్వీసులో నా మీద ఒక్క తప్పూ రాలేదు. తప్పు రావాలంటే ముందు పని సెయ్యాల గదా!"

తర్వాత కంప్యూటర్ని ఆ కాగితం మళ్లీ చదవమన్నాడు. "పనిచేసినట్లు రుజువైనది" అన్న దగ్గర ఆపి, అక్కణ్ణించి ఇంకోసారి చదివించుకున్నాడు.